షువైమియా ఒడ్డున అత్తమ్మ విన్న మాటలు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, నా ఉద్యోగమే అలాంటిది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసిన రోజుల్లో మా వార్డు కిటికీ తెరిస్తే ఎదురుగా మార్చురీ కనిపించేది. తోటి నర్సులు చెప్పిన కథలన్నిటి వెనకా చివరికి ఒక పిల్లి గానీ, సరిగ్గా పడని తలుపు గడియ గానీ, నిద్ర చాలని వార్డుబాయ్ గానీ ఉన్నట్టు తేలేది. ఇప్పుడు ఒమన్‌లో, సహం అనే ఊళ్లో ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడ ఎవరైనా జిన్నుల సంగతి ఎత్తితే ముందు వాళ్ల బీపీ చూస్తాను.

అందుకే ఇది రాయడానికి చాలాకాలం వెనకాడాను. ఇందులో దయ్యం లేదు, చీకటి కూడా లేదు. పట్టపగలు, మనుషుల మధ్య జరిగింది. జరిగినంతసేపూ దాదాపు అందరం నవ్వుతూనే ఉన్నాం. నాకు తెలిసిన ఏ లెక్కలోనూ అది ఇమడదు, అంతే.

మా అత్తమ్మ పేరు నర్సవ్వ. ఊరు కోరుట్ల దగ్గర. పోయిన ఏడాది విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చింది. మా ఆయన గంగాధర్ సహంలోనే ఒక వర్క్‌షాపులో డీజిల్ మెకానిక్. మేమిద్దరం డ్యూటీకి పోతే ఆమె రూమ్‌లో ఒక్కతే. టీవీ చూడదు. కింద కూరగాయల షాపు బంగ్లాదేశీ అతనితోనూ, పక్కింటి ఒమానీ ఆవిడతోనూ, ఆవిడ మేకలతోనూ తెలుగులోనే మాట్లాడేది. అవతలివాళ్లకు అర్థమవుతోందా లేదా అన్నది ఆమెకు పట్టేది కాదు. మేకలే నయం, మధ్యలో ఆపవు అనేది.

రంజాన్ పండుగ సెలవులొచ్చాయి. ఖాదర్ అన్న మా ఇంటికి సేమియా పాయసం తెచ్చాడు. ఆయనది కడప. ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో డ్రైవర్ల మీద సూపర్‌వైజర్. ఈ దేశానికి వచ్చి చాలా ఏళ్లయింది, అరబ్బీ అరబ్బుల్లాగే మాట్లాడతాడు. ఆయనకున్న ఒకే ఒక్క సరదా సెలవు దొరికితే చాలు తన పాత ఫోర్‌వీల్ బండిలో గుడారాలు వేసుకుని సముద్రం వెంట పోవడం.

"పెద్దమ్మను రూమ్‌లో కూర్చోబెట్టి తాళమేస్తే ఎట్ల గంగాధరూ, పండగ పూట?" అన్నాడు. "దక్షిణం కొసన సలాలా ఉంది, ఆడికి పోదాం పాండి. సముద్రం పక్కనే పోదాం. యాడ బాగుంటే ఆడ పండుకుందాం."

అత్తమ్మకు గుడారం అంటే ఏమిటో చెప్పేసరికి నాకు సగం రోజు పట్టింది. ఆమె మాత్రం మాకంటే ముందే సంచి సర్దుకుంది.

సూర్ దాటాక రోడ్డు సముద్రం పక్కకు చేరింది. అత్తమ్మ అంతకుముందు సముద్రం చూడలేదు. ఖాదర్ అన్న బండి ఆపి ఇసుకలోకి దింపాడు. ఆమె చీర కుచ్చెళ్లు పైకి దోపి మోకాళ్ల దాకా వెళ్లింది, నీళ్లు నెత్తిన చల్లుకుంది, కొంచెం నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"గీ నీళ్లన్ని ఉప్పేనా?" అని అడిగింది.

"అన్ని ఉప్పే అత్తా."

"మరి ఎవల కోసమట?" అంది. దారంతా మేం అదే అనుకుని నవ్వుకున్నాం.

ఆ ప్రయాణంలో తిన్నంత రుచైన చేపలు నేను జన్మలో తినలేదు. ఒడ్డున పడవలు లాగుతున్న జాలరులు ఖాదర్ అన్న సలాం చెప్పగానే వంజరం ముక్కలు కోసి ఇచ్చేవాళ్లు. గంగాధర్ ఎండు కొమ్మలు ఏరి మంట వేసేవాడు. అత్తమ్మ కారం, చింతపండు పట్టించి కాల్చేది. ఒక తెల్లవారి గుడారం బయట చప్పుడైతే తొంగి చూశాను. ఒక ఒంటె మా పుచ్చకాయ తొక్కలు తింటోంది. అత్తమ్మ దాని ఎదురుగా కూర్చుని, "మెల్లగ తిను, ఎవలు గుంజుకపోతలేరు" అని చెబుతోంది.

దుకుమ్ దాటాక ఊళ్లు పలచబడ్డాయి. గంటల తరబడి రాయి, ఇసుక, గాలి. షువైమియా అనే చిన్న ఊరు చేరేసరికి సాయంత్రమైంది. ఒక పక్క సున్నం కొట్టినట్టు తెల్లటి కొండలు, ఇంకో పక్క చివర కనిపించని ఇసుక ఒడ్డు. అక్కడే గుడారాలు వేశాం. అంత అందమైన చోట నిద్రపోవడం అదే మొదటిసారి.

పొద్దున లేవగానే అత్తమ్మ గుడారం ముందు నిలబడి ఒకటే మాట చెప్పింది.

"ఇగ నాతోని కాదు. నాలుగు గోడలున్న బాత్రూం గావాలె. తలకు పోసుకోవాలె. లేకుంటె ఈ బండి ఎక్క."

మిగతా కష్టాలన్నీ నవ్వుతూ భరించింది కాబట్టి ఇది తీర్చక తప్పదు. కొంచెం దూరంలో ఒకాయన వల మడత పెడుతున్నాడు. ఖాదర్ అన్న వెళ్లి సంగతి చెప్పాడు. ఆయన పేరు ముసల్లం. విని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇల్లు ఇదిగో, ఆడవాళ్లను లోపలికి పంపండి, మీరు వచ్చి కాఫీ తాగండి అన్నాడు.

ముసల్లం భార్య సలామా ఆ ఊరి బడిలో టీచరు. ఇంగ్లీషు బాగా వచ్చు. అత్తమ్మకు వేణ్నీళ్లు, కొత్త టవల్ ఇచ్చింది. అత్తమ్మ జుట్టు విరబోసుకుని, మొహం వెలిగిపోతూ బయటికి వచ్చేసరికి ఆడవాళ్లు కూర్చునే వరండాలో ఖర్జూరాలు, కాఫీ సిద్ధంగా ఉన్నాయి. మగవాళ్లు ముందు గదిలో కూర్చున్నారు.

ఆ వరండాలోనే మంచం మీద ముసల్లం వాళ్లమ్మ పడుకుని ఉంది. చాలా పెద్దావిడ. మణికట్టు ఎముకలు పైకి పొడుచుకొచ్చాయి. నేను నర్సునని తెలిశాక సలామా తన గోడు చెప్పుకుంది.

అంతకుముందు చలికాలంలో పెద్దావిడకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, నడక కొంచెం తిరిగి వచ్చింది. కానీ అరబ్బీ మొత్తం పోయింది. వాళ్ల తెగకు బత్‌హరీ అని ఒక పాత భాష ఉందట. అరబ్బీకి చుట్టమే కానీ అరబ్బీ వచ్చినవాళ్లకు అర్థం కాదు. అది మాట్లాడే పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఇప్పుడు ఆమె నోట్లో అదొక్కటే మిగిలింది. కొడుక్కి నీళ్లు, చేప, రా, పో లాంటి మాటలు తప్ప అది రాదు.

ఇంతవరకు వింతేమీ లేదు. పక్షవాతం తర్వాత నేర్చుకున్న భాష పోయి చిన్ననాటి భాష మిగలడం నేను చూశాను. కరీంనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నట్టుండి మరాఠీలోకి దిగితే ఇంట్లోవాళ్లు తెల్లబోయారు.

"బాధ అది కాదు, తిండి మానేసింది" అంది సలామా. "రొట్టె పెడితే నమిలి ఉమ్మేస్తుంది. ఏం కావాలని అడిగితే ఎడమ చెయ్యి ఇలా గుండ్రంగా తిప్పి ఒకటే మాట అంటుంది. తల తిరుగుతోందేమోనని డాక్టరు మాత్రలిచ్చాడు. పండగ అయ్యాక సలాలా ఆసుపత్రికి తీసుకువెళ్లి ముక్కులో గొట్టం వేయిస్తాం. వేరే దారి లేదు."

నేను ఆ మాత్రలు చూస్తూ కూర్చున్నాను. అత్తమ్మ ఈలోగా వెళ్లి మంచం పక్కన కింద చతికిలబడింది.

"ఏమైందవ్వా, గట్ల సన్నబడ్డవ్?" అంది.

పెద్దావిడ తల తిప్పి చూసింది. ఏదో అంది. అత్తమ్మ "ఔ మల్ల" అంది. పెద్దావిడ ఇంకా ఏదో చెప్పింది. అత్తమ్మ "ఎన్నడు?" అని అడిగింది. మేకలతో మాట్లాడే మనిషి కదా అని నేను పట్టించుకోలేదు. కాసేపటికి ఇద్దరూ ఒకేసారి పకపకా నవ్వారు.

సలామా చేతిలోని కాఫీ కూజా అలాగే ఉండిపోయింది. "నెలల తర్వాత నవ్వింది" అని మెల్లగా అంది. తర్వాత నా వైపు తిరిగి, "మీ అత్తగారికి మా భాష ఎలా వచ్చు?" అని అడిగింది.

"రాదు. ఆమె తెలుగే మాట్లాడుతోంది" అన్నాను.

"మరి మా అత్తగారు జవాబు చెబుతోంది కదా."

అప్పుడు నేను చెవిపెట్టి విన్నాను. మా అత్తమ్మ నోట్లోంచి మామూలు తెలుగే వస్తోంది. పెద్దావిడ నోట్లోంచి నాకు ఒక్క ముక్క తెలియని భాష వస్తోంది. కానీ ప్రశ్నకు జవాబు, జవాబుకు ఇంకో ప్రశ్న. ఒకరు చెప్పేటప్పుడు ఇంకొకరు ఆగుతున్నారు. గంగాధర్‌కు చూపించి నవ్విద్దామని ఫోన్ తీసి వీడియో పెట్టాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

వాళ్లిద్దరూ ఇంకోసారి పకపకా నవ్వారు, ఆ వెంటనే అత్తమ్మ నన్ను పిలిచింది.

"సునీతా, వీళ్లకు చెప్పు. ఈమెకు తల తిరుగుడు గిరుగుడు ఏం లేదు. ఇసుర్రాయి అడుగుతున్నది."

మా వైపు తిరగలిని ఇసుర్రాయి అంటారు.

"నీకెట్ల తెల్సత్తా?"

"ఎట్ల తెల్సుడేంది? చెప్తున్నది గదా. నీకు ఇనస్తలేదా?" అంది, నా చెవులకేమైందన్నట్టు చూస్తూ. "దుకాణం పిండి మట్టి లెక్కున్నదట. ఈ ఇండ్లు కట్టకముందు వీళ్లు గుట్టలల్ల గుహల ఉంటుండెనట. వచ్చేటప్పుడు ఇసుర్రాయి మోసుడు కాలేదు, మల్లొచ్చి తీస్కపోదామని ఆడనే పెట్టొచ్చిందట. మీదికెల్లి నీళ్లు కారే గుహ. పొయ్యి పెట్టిన మూలకు ఇసుకల బోర్లిచ్చిందట. మీది రాయి గోడ సందుల పెట్టిందట. ఈమె పెనిమిటి బఖీతు చెక్కిండట. దాని మీద చేప బొమ్మ చెక్కబోతే అది మేక లెక్కచ్చిందట. గందుకే నవ్వినం."

చెయ్యి గుండ్రంగా తిప్పితే తిరగలి అని అత్తమ్మ పోల్చుకుందని అనుకోవచ్చు. జీవితమంతా విసిరిన చెయ్యి ఆమెది. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ నేను ఇదంతా ఇంగ్లీషులో చెబుతూ బఖీత్ అన్న పేరు పలకగానే సలామా కూజా కింద పెట్టేసింది.

"ఆ పేరు మీకెవరు చెప్పారు?"

బఖీత్ ఆమె మామగారు. పోయి చాలా ఏళ్లయింది. మేం ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆ పేరు ఎవరూ పలకలేదు. నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?

సలామా మగవాళ్లను పిలిచింది. ముసల్లం, గంగాధర్, ఖాదర్ అన్న ముగ్గురూ గుమ్మంలో నిలబడి విన్నారు. ఖాదర్ అన్న మొహం చూడాల్సింది.

"సునీతమ్మా, నేను ఇన్నేండ్లుగా అరబ్బీ మాట్లాడతాండా. ఆయమ్మ మాట నాకొక్కటీ అర్థం కాల్యా" అన్నాడు. "పెద్దమ్మకు ఎట్ల అర్థమైతాంది?"

నీళ్లు కారే గుహ ముసల్లంకు తెలుసు. ఆయన పుట్టింది అక్కడే. బండి తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

అత్తమ్మ లేకుండా ఎవరూ కదలడానికి వీల్లేదని అత్తమ్మే చెప్పింది. ముసల్లం బండి వెనక మా బండి పోయింది. కొండల మధ్య ఎండిన వాగు లోపలికి చాలా దూరం వెళ్లాక ఒక పెద్ద గుహ కనిపించింది. కప్పు నుంచి నీటి చుక్కలు పడుతున్నాయి, వాటి కింద పచ్చటి నాచు. పొగ పట్టిన గోడలు నల్లగా ఉన్నాయి. మగవాళ్లు మధ్యలో పారతో తవ్వడం మొదలుపెట్టారు. ఇసుక, మేక పెంటికలు తప్ప ఏమీ రాలేదు. అత్తమ్మ కారే నీళ్లు దోసిట్లో పట్టుకుని తాగి, తీరిగ్గా వచ్చి చూసింది.

"గక్కడ ఎందుకు తవ్వుతున్నరు? పొయ్యి మూలకని చెప్తి గదా" అంది.

ఎక్కువ నల్లబడిన మూల లోపలగా, ఒక వంపు వెనక ఉంది. అక్కడ పార నాలుగుసార్లు పడేసరికి రాయి తగిలిన చప్పుడైంది. గంగాధర్, ముసల్లం కలిసి పైకి లాగారు. గుండ్రటి కింది రాయి, బోర్లించి ఉంది. ముసల్లం దాని పక్కనే ఇసుకలో కూర్చుండిపోయాడు.

పై రాయి కోసం ఖాదర్ అన్న గోడ సందులన్నీ చేత్తో తడిమాడు. చెయ్యెత్తితే అందే ఎత్తున ఒక పగులులో, పావురాల గూడు వెనక దొరికింది. దుమ్ము తుడిచి వెలుగులో పెట్టాం. పిడి పెట్టే చిల్లు పక్కన ఒక బొమ్మ చెక్కి ఉంది. తోక ఉంది, పొలుసుల గీతలున్నాయి. కానీ మూతి దగ్గర గడ్డం లాంటిది వచ్చింది, పైన రెండు కొమ్ములలాగా లేచాయి. ఎవరు చూసినా మేకే అంటారు.

ముందు గంగాధర్ నవ్వాడు. తర్వాత ఖాదర్ అన్న. ముసల్లం నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ రాయి సంగతి తనకు తెలియదని, తను చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే అక్కడి నుంచి వచ్చేశామని చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. భయం కాదు. పేషెంటు రిపోర్టు మీద ఇంకొకరి పేరు చూసినప్పుడు కలిగే అయోమయం లాంటిది.

ఇంటికి తెచ్చి రాళ్లు కడిగాం. వరండాలో గుడ్డ పరిచి పెట్టాం. పెద్దావిడ మంచం దిగి, మా ఎవరి చెయ్యీ పట్టకుండా వచ్చి దాని ముందు కూర్చుంది. ఆ బొమ్మ మీద వేలు పెట్టి రాసింది. పండగ వంటకు తెచ్చిన గోధుమలు ఇంట్లో ఉన్నాయి. ముసల్లం పిడికి కట్టె చెక్కి బిగించాడు. పెద్దావిడ ఎడమ చెయ్యి, ఎదురుగా మా అత్తమ్మ కుడి చెయ్యి ఒకే పిడి మీద పడ్డాయి. రాయి తిరిగింది.

మధ్యలో ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. అత్తమ్మ నాకు అప్పుడప్పుడు చేరవేసేది. కోడలు మంచిదట, కాని ఉప్పు తక్కువేస్తదట. నేను దాన్ని సలామాకు చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పేశాను. సలామా నవ్వి, అది నిజమే అంది.

ఆ పిండితో సలామా నిప్పుల మీద రొట్టె కాల్చింది. పెద్దావిడ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మేమందరం ఆమె దవడల వైపే చూస్తున్నాం. మింగింది. ఎండు చేపతో ఇంకో ముక్క తింది, ఇంకోటి అడిగింది. సలామా లేచి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ రోజు మమ్మల్ని కదలనివ్వలేదు. వాళ్లింట్లోనే పడుకున్నాం.

తెల్లవారి వీడ్కోలు చెబుతుంటే పెద్దావిడ అత్తమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. అత్తమ్మ విని నా వైపు తిరిగింది.

"ఏమంటున్నదే?"

"నాకేం తెల్సు అత్తా? నీకే గదా తెల్సేది."

"ఇయ్యాల సమజైతలేదు" అంది అత్తమ్మ, నిజంగానే చిన్నబోయి. "నిన్న మంచిగ మాట్లాడింది. ఇయ్యాలేమో వాళ్ల భాష మాట్లాడుతున్నది."

"నిన్న ఏ భాష మాట్లాడింది?"

"మన మాటే. యాస జర తేడా. గోదారి అవతలోళ్ల తీరు."

అటు పెద్దావిడ కూడా ఆగిపోయింది. అత్తమ్మ పెదాల వంక చూస్తూ, చెవి దగ్గర పెట్టి, కనుబొమలు ముడిచింది. కొడుకుతో ఏదో అంది. అందులో ముసల్లంకు తెలిసిన మాటలు కొన్నే, మిగతాది ఆమె చేసైగలు చూసి పోల్చుకున్నాడు. నిన్న ఈమె మన జనం మాటే మాట్లాడింది, దూరపు గుడిసెల వాళ్ల మనిషి అనుకున్నాను అని అన్నట్టుంది అని చెప్పాడు. ఇద్దరు ముసలమ్మలూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు, ఆ నవ్వు మాత్రం ఇద్దరికీ అర్థమైంది.

బండిలో అత్తమ్మకు వీడియో చూపించాను. ఫోన్ చెవికి ఆనించుకుని రెండుసార్లు విన్నది.

"నువ్వేందో తప్పు వీడియో తీసినవ్" అని తిరిగి ఇచ్చేసింది. "ఇవి ఆమె నిన్న మాట్లాడిన మాటలు కావు."

ఆ తర్వాత హాసిక్ మీదుగా కొండ రోడ్డు దిగి సలాలా పోయాం. కొబ్బరి తోటల పక్కన అరటిపళ్లు గెలలు గెలలుగా వేలాడుతుంటే అత్తమ్మ బోండాలు తాగి, కోరుట్ల బోండాల కంటే తీపి తక్కువని తేల్చింది. తిరుగు ప్రయాణం లోపలి హైవే మీద వచ్చాం. సహం చేరేదాకా బండిలో ఒకటే వాదన.

గంగాధర్‌ది ఒకే మాట. ముసలివాళ్లకు ముసలివాళ్ల చేతులు, కళ్లు చూస్తే అర్థమైపోతుంది. సరే, కానీ కళ్లు చూసి బఖీత్ అన్న పేరు ఎలా తెలుస్తుంది? మేక లాంటి చేప ఎలా తెలుస్తుంది? ఖాదర్ అన్న అల్లా కరుణ అంటాడు, అంతకుమించి అడగడం ఆయనకు ఇష్టం లేదు. మా క్లినిక్ డాక్టరుకు వీడియో చూపించాను. పెద్దావిడ సంగతికి ఆయన దగ్గర చక్కటి వివరణ ఉంది. ఆమెకు పక్షవాతం వచ్చింది కదా, మెదడులో ఏదో మారింది అన్నాడు. మరి మా అత్తమ్మకు ఏ రోగమూ లేదు కదా అంటే, వీడియో ఇంకోసారి పెట్టమన్నాడు. చూసి, తర్వాతి పేషెంటును పిలిచాడు.

నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఏదైనా పట్టుకోవాలనే చూస్తాను. ఎక్కడో సలామా ఆ పేరు గొణిగి ఉంటుందని, అత్తమ్మ ఏదో చేసైగ చూసి ఉంటుందని. దొరకలేదు. తెలుగులో ప్రశ్న, ఆ భాషలో జవాబు, మళ్లీ తెలుగు. మధ్యలో ఆ నవ్వు.

అత్తమ్మ వీసా అయిపోయి ఊరికి వెళ్లిపోయింది. పెద్దావిడ సలాలా ఆసుపత్రికి వెళ్లలేదు, గొట్టం అవసరం పడలేదు. ఒళ్లు చేసిందని సలామా ఫోటోలు పంపుతుంది. అప్పుడప్పుడు శుక్రవారం పూట నా ఫోన్ మీదుగా ఇద్దరినీ వీడియో కాల్‌లో కలుపుతాను. కోరుట్ల నుంచి ఈమె, షువైమియా నుంచి ఆమె. ఇద్దరికీ ఇప్పుడు ఒక్క ముక్క అర్థం కాదు. ఆ సంగతి వాళ్లిద్దరికీ తెలుసు. అయినా ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుకుంటారు, ఆపమంటే ఆపరు.

ఆ ఒక్క పగలు వాళ్ల మధ్య ఏం తెరుచుకుందో, తెల్లవారేసరికి ఎందుకు మూసుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లెవరైనా చెబితే వింటాను.